మూడుసార్లు ఒప్పుకున్నారు

పక్కవాటా స్తంకా పిన్ని గంట నొక్కదు. తలుపు మీద అరచేత్తో రెండు చరుపులు చరుస్తుంది. ముప్ఫై ఏళ్ళు నూలు మిల్లులో పనిచేసిన మనిషి, చిన్న చప్పుళ్ళ మీద ఆవిడకి నమ్మకం లేదు. సోమవారం సాయంత్రం జోర్నిత్సా తలుపు తీసేసరికి, పిన్ని సీసా మూత ఒకటి అరచేతిలో పట్టుకుని నిలబడి ఉంది. మూతలో బఠాణీ ఉంది.

తినే బఠాణీ కాదు. చెవిలో పెట్టుకునే ఆ కొత్త పరికరానికి ఈ ఊళ్ళో, స్తారా జగోరాలో, జనం పెట్టుకున్న పేరది. కంపెనీ పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగలేదు. వినికిడి తగ్గినవాళ్ళకి అది మాటలు వినిపిస్తుంది, మందుల వేళ గుర్తు చేస్తుంది, మధ్యమధ్య చెవిలో ఏదో ఒకటి అడుగుతుంది. చేతులు ఖాళీగా లేకపోతే తల ఊపి జవాబు చెప్పొచ్చు. ప్రకటనల్లో చెప్పుకున్న గొప్ప అదే.

"దీన్ని చంపెయ్," అంది పిన్ని, మూతని వంటింటి బల్ల మీద పెడుతూ.

"ఏమైంది పిన్నీ?"

"నువ్వు కంప్యూటర్ల దానివి కదా. ముందు చంపు. తర్వాత చెప్తా."

జోర్నిత్సా బఠాణీని రెండు వేళ్ళ మధ్య పది క్షణాలు నొక్కి పట్టుకుంది. ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. పిన్నికి అది చాలలేదు. పొయ్యి మీదున్న గిన్నె మూత తీసి దాని మీద బోర్లించి, అప్పుడు కుర్చీ లాక్కుంది.

"మూడు వారాలుగా ఇది నా ఇంట్లో మాటలన్నీ విని, పొద్దుగూకేసరికి ఒక ఉత్తరంలా రాసి మా నెదాకి పంపుతోంది. నెదాకి, దాని కూతురికి, ఇంకో ఇద్దరికి. నేను ఎవరితో ఏమన్నానో అంతా. పైవాటాలో ఉండేదానితో అన్నది, ఫోన్లో అన్నది, మా ఆయన ఫొటోతో అన్నది కూడా."

"ఏమన్నావేమిటి?"

"అది నీకెందుకు?"

నెదా ఆవిడ చెల్లెలు. రోజూ పొద్దున ఏడింటికి, పొయ్యి మీద కాఫీ పొంగే వేళకి, అక్కచెల్లెళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారు. ఎవరికి జ్వరమొచ్చినా ఏడింటి మాట తప్పిపోయిన రోజు లేదు. అలాంటిది ఇప్పుడు పదహారు రోజులైంది. పిన్ని ఫోన్ చేస్తే నెదా ఎత్తదు. ఇంటికెళ్తే తలుపు వెనక అడుగుల చప్పుడు వినబడింది గానీ తలుపు తెరుచుకోలేదు.

"నేనే కావాలని పంపించానట. మొహం మీద అనే ధైర్యం లేక యంత్రంతో అనిపించానట. దాని కూతురు చెప్పింది. నేను అలాంటిదాన్నా జోరీ?"

పిన్ని మడిచిన కాగితం ఒకటి తీసింది. పోస్టాఫీసు పక్క కొట్లో అచ్చు వేయించుకున్న, కంపెనీ యంత్రం పంపిన జవాబది. మీ కుటుంబానికి సంభాషణల సారాంశం పంపే సేవకు మీరు ఫలానా తేదీల్లో మూడుసార్లు తల ఊపి అంగీకరించినట్టు మా రికార్డుల్లో నమోదైంది, అని ఉంది అందులో.

"మూడుసార్లు అడిగిన మాట నిజమే. చేతుల నిండా పిండి. వద్దంటే వద్దన్నాను."

"ఎలా అన్నావు?"

"ఎలా అంటారు?" అంటూ పిన్ని గడ్డం పైకెత్తి, కిందికి దించింది. ఇక్కడ నిలువుగా ఊపితే కాదని. అడ్డంగా ఊపితే ఔనని. పుట్టిన బిడ్డ మాటలకన్నా ముందు నేర్చుకునేది అది. పైగా పిన్ని పెరిగింది మిల్లులో, మగ్గాల మోతలో నోటితో పనేముంది, రోజంతా తలతోనే మాట్లాడుకునేవాళ్ళు.

జోర్నిత్సా అర్థం చేసుకోవడానికి ఒక్క క్షణం చాలింది. బఠాణీ తయారైన దేశంలో నిలువుగా ఊపితే ఔను.

"ఫిర్యాదు చేద్దామని ఆదివారం మూడు గంటలు కూర్చున్నానే," అంది పిన్ని, ఫోన్ ఆమె చేతిలో పెట్టి. "సాయం కావాలా అంటుంది. కావాలంటే, ఈ ప్రశ్నలు చదవండి అంటుంది. చదివాను. సమస్య తీరిందా అంటుంది. తీరలేదంటే, సాయం కావాలా అంటుంది. నాకు పిచ్చెక్కిందేమో అనుకున్నాను."

జోర్నిత్సాకి ఆ నాలుగు పేజీలూ తెలుసు. వాటిని గీసింది ఆమే. కిందటి చలికాలం, ఉత్తరాన ఎక్కడో చలిదేశంలో ఉన్న ఆ బఠాణీ కంపెనీ పనులన్నీ ఆమె పనిచేసే చిన్న డిజైన్ స్టూడియోకి వచ్చాయి. 'తీరింది' అన్న బటన్ వెడల్పుగా, ఆకుపచ్చగా ఉండాలన్నారు. ఆ పచ్చరంగు కుదరడానికే రెండు రోజులు పట్టింది. 'తీరలేదు' అన్నదానికి బటన్ లేదు, ఉత్త అక్షరాలే. మనిషితో మాట్లాడే దారి ఒకటి చట్టం ప్రకారం ఉండి తీరాలి కాబట్టి, ఉండాలి గానీ ఎదురుపడకూడదని రాసి పంపారు. ఆమె అలాగే పెట్టింది. నాలుగో పేజీ అట్టడుగున, కాపీరైట్ లైను కింద, బూడిద రంగు మీద ఇంకాస్త లేత బూడిద రంగు అక్షరాల్లో.

ఆమె బొటనవేలు చూడకుండానే అక్కడికి వెళ్ళింది.

"ఆగాగు. అదెక్కడుంది? నాకెందుకు కనబడలేదు?"

"అడుగున ఉంది పిన్నీ. చిన్న అక్షరాలు."

"మరి నీకెలా కనబడింది?"

"ఇలాంటి పేజీలన్నీ ఒకలాగే ఉంటాయిలే. అలవాటు."

"ఎవడు గీశాడో గానీ వాడి చేతులు పడిపోను," అంది పిన్ని.

జోర్నిత్సా కాఫీ పెడతానని లేచింది. గురువారం పదకొండు గంటలకి కంపెనీ మనిషితో వీడియోలో మాట్లాడేందుకు సమయం దొరికింది. ఎక్కడికి రావాలో చిరునామా స్క్రీన్ మీద కనబడింది. అది తమ స్టూడియో చిరునామానే, ఈ ఊళ్ళో ఆ కంపెనీకి వేరే ఆఫీసు లేదు.

"ఇది మీ ఆఫీసు వైపేనా?" అని అడిగింది పిన్ని.

"ఆ వైపే," అంది జోర్నిత్సా, పొయ్యి వైపు తిరిగి.

మంగళవారం ఆమె అందరికన్నా ముందు స్టూడియోకి వెళ్ళి మార్చిలో చేసిన పరీక్ష వీడియో బయటికి తీసి చూసింది. బఠాణీని ఇక్కడ అమ్మే ముందు స్థానికులతో పరీక్ష చేయించాలన్నారు. అది కూడా ఆమె పనే. పెన్షనర్ల క్లబ్బులో పదకొండు మంది, కాగితపు పళ్ళెంలో బిస్కెట్లు, గోడ మీద పాత వాలీబాల్ జట్టు ఫొటో. వీడియోలో ఆమె గొంతు ఉల్లాసంగా ఉంది. మొదలుపెట్టే ముందు ఒక్క మాట, ఔననాలంటే బయటి దేశాలవాళ్ళలా కిందికీ పైకీ ఊపండి, కాదంటే అటూ ఇటూ. ముసలివాళ్ళు నవ్వారు. బృందగానానికి గొంతు సవరించుకున్నట్టు అందరూ కలిసి నాలుగుసార్లు ఊపి చూసుకున్నారు. ఆ తర్వాత పదకొండు మందికి పదకొండు మందీ నెగ్గారు.

అందులో మోసం చేస్తున్నానన్న ఊహ ఆమెకి రాలేదు. బయటివాళ్ళతో పనిచేసే ప్రతివాళ్ళూ ఇక్కడ చేసేదే అది. పని మొదలయ్యే ముందు ఎటు ఊపాలో చెప్పుకుంటారు. ఆమె మటుకు ఆరేళ్ళుగా వీడియోల్లో కంపెనీవాళ్ళకి వాళ్ళ పద్ధతిలోనే ఊపీ ఊపీ, ఇంట్లో కూడా అలాగే ఊపేది. "ఏదో ఒకటి నోటితో చెప్పి చావు," అని మొగుడు విసుక్కునేవాడు. నివేదికలో మాత్రం ముందుగా చెప్పిన ఆ ఒక్క మాటా లేదు. అది చెప్పుకోవాల్సిన విషయమని ఆమెకి తట్టనే లేదు.

"పరీక్షే చూస్తున్నావా, మంచిది," అన్నాడు ప్లామెన్ వెనకనుంచి. స్టూడియో అతనిది. మెత్తటి మనిషి. చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా మడిచి ఉంటాయి. "గురువారం ఎవరో ముసలావిడ వస్తోందట. ఉత్తరాదివాళ్ళు మన పరీక్ష ఫలితం అడిగారు. నువ్వు దుబాసీగా కూర్చో. పరీక్ష ఎలా జరిగిందని వాళ్ళ మనిషి యోర్గెన్ నిన్నే అడుగుతాడు."

"ఏం చెప్పను?"

"ఏమీ చెప్పక్కర్లేదు. ఎవరూ నేర్పకుండానే అందరూ సరిగ్గా చేశారని కాగితం ఉంది. దాని కింద నీ సంతకం ఉంది. అతను చదువుతాడు, నువ్వు తలూపుతావు."

"నేను నేర్పాను ప్లామెన్."

అతను వీడియో ఆపి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కోపం లేదు. కోపం వచ్చి ఉంటే బావుండేది.

"నేర్పడం అంటే గంటసేపు పాఠం చెప్పడం. నువ్వు చెప్పింది మర్యాద. దీని మీద తొమ్మిది మంది బతుకుతున్నాం జోరీ. ఇప్పుడు నేర్పానన్నావంటే పరీక్ష అబద్ధం. పరీక్ష అబద్ధమైతే నువ్వు అబద్ధం. ఆవిణ్ణి కాపాడదామనుకుంటున్నావు గానీ, ముందు నీ పేరే పోతుంది. ఆలోచించుకో."

ఆలోచించుకుంది. ఏ వైపు నుంచి ఆలోచించినా మొదలుపెట్టిన చోటికే వస్తోంది, తను గీసిన పేజీల్లాగే. నిజం చెప్తే ఉద్యోగం పోతుంది, ఇక ఈ ఊళ్ళో ఆమె పరీక్షని ఎవరూ నమ్మరు. చెప్పకపోతే పిన్ని నెదా కళ్ళలో దోషిగానే మిగులుతుంది. ఒంట్లో బాగాలేదని గురువారం ఇంట్లో ఉండిపోతే ప్లామెనే దుబాసీగా కూర్చుంటాడు, అదింకా ఘోరం.

బుధవారం మెట్ల దగ్గర పిన్ని ఎదురైంది. చెవిలో బఠాణీ లేదు. ఉత్తరాల సంగతి అప్పటికే భవనమంతా పాకిపోయింది. కింది వాటా ముసలాయన రైలింగ్ మీద మోచేతులు ఆన్చి, "స్తంకా, ఇవాళ వార్తలు ఎన్నింటికి?" అని అరిచాడు. పిన్నికి సగమే వినబడినట్టుంది. అయినా ఆగి, కూరల సంచి మెట్టు మీద పెట్టి, "నీ గురించి వార్తేముంది, మీ ఆవిడ ఎప్పుడో చెప్పేసింది," అంది. పైవాటాల్లో ఎవరో నవ్వారు. సంచి మళ్ళీ ఎత్తుకుని, నవ్విన వైపు చూడకుండా జోర్నిత్సా ఉన్న మెట్టు దాకా ఎక్కింది.

"రేపు తేలిపోతుందిలే," అంది పిన్ని ఆమె దగ్గరికొచ్చి. "వద్దన్నానని ఒక్క కాగితం రాసిస్తే చాలు. తీసుకెళ్ళి నెదా మొహాన కొడతాను. తలుపు అదే తీస్తుంది."

చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. మెట్ల మీద కాదులే, పొద్దున్నే వెళ్ళి చెప్దామనుకుంది. పొద్దున్నే వెళ్ళనూ లేదు.

గురువారం పిన్ని చర్చికి వేసుకునే నీలం గౌనులో వచ్చింది. స్టూడియోలో గాజుగోడల గది ఒకటి ఉంది. తలుపు వేస్తే బయటి చప్పుడు రాదు, గాలీ రాదు. జోర్నిత్సా బల్లకి అవతలివైపు ప్లామెన్ పక్కన కూర్చుని ఉండడం చూసి పిన్ని గుమ్మంలోనే ఆగింది.

"నువ్వేమిటి అటు కూర్చున్నావు?"

"దుబాసీని పిన్నీ. కూర్చో."

పిన్ని కూర్చుంది. స్క్రీన్ మీద యోర్గెన్ కనిపించాడు. నలభై ఏళ్ళుంటాయి, వెనక కిటికీలో వాన. మర్యాదగా పలకరించి, ప్రశ్నలన్నీ రాసిపెట్టుకున్న కాగితం దగ్గరికి జరుపుకున్నాడు.

"పరికరం అడిగిన ప్రశ్న మీకు స్పష్టంగా వినబడిందా?"

జోర్నిత్సా గట్టిగా తర్జుమా చేసింది. పిన్ని తల అడ్డంగా ఊపింది.

"వినబడలేదా?" అన్నాడు యోర్గెన్, కలం తీసి. "వినబడకుండానే జవాబు చెప్పారన్న మాట."

"వినబడిందంటోంది," అంది జోర్నిత్సా. "అది ఔనని."

యోర్గెన్ రాసింది కొట్టేశాడు. "సరే. సారాంశం పంపమంటారా అని అడిగినప్పుడు ఏం చేశారో చూపించమనండి."

పిన్ని గడ్డం ఎత్తి దించింది. ఇంకా అనుమానం ఉంటుందేమోనని మరోసారి ఎత్తి దించింది. యోర్గెన్ చిన్నగా నవ్వాడు. దురుసు నవ్వు కాదు, పని తేలికైపోయినవాడి నవ్వు.

"అది కాదని," అంది జోర్నిత్సా.

"ఆవిడ ఇప్పుడు అలా అంటారు, నాకర్థమవుతుంది. కానీ మీ ఊళ్ళోనే పదకొండు మంది పెద్దవాళ్ళు ఏ తడబాటూ లేకుండా మా పద్ధతిలోనే ఊపారు. కాగితం నా ముందుంది. వాళ్ళకి ముందుగా ఎవరూ ఏమీ చెప్పలేదు కదా?"

ప్లామెన్ ఆమె వైపు చూడలేదు. బల్ల మీద నీళ్ళ గ్లాసు కొంచెం పక్కకి జరిపాడు. స్క్రీన్ మీద యోర్గెన్, అతని పక్కన చిన్న పెట్టెలో తన మొహం. ఆ మొహం ఊగడానికి సిద్ధంగా ఉంది. ఆరేళ్ళుగా ఈ గదిలో అది చేసిన పనే అది. ఒక్కసారి కిందికి దిగితే చాలు, అవతల నమోదైపోతుంది, ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆమె మెడ వెనక చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది.

"చెప్పాను," అంది. "ఎటు ఊపాలో నేనే చెప్పాను. అందరిచేతా సాధన చేయించాను. వీడియో మొదట్లో ఉంది, పంపిస్తాను. నివేదికలో ఆ మాట రాయలేదు. చెప్పి ఉండకపోతే వాళ్ళందరూ ఈవిడలాగే చేసేవాళ్ళు."

యోర్గెన్ కలం ఆపాడు. "ఇది మీరు అధికారికంగా చెప్తున్నారా?"

"అధికారికంగానే."

"ఏమంటున్నాడు?" అంది పిన్ని. "నువ్వేం చెప్పావు?"

ఉత్తరాది మనిషికి పరాయి భాషలో చెప్పడం తేలికగానే జరిగిపోయింది. ఇప్పుడు అదే మాట ఇంటి భాషలో, వినికిడి లేని మనిషికి, గాజుగోడల అవతల ఏడుగురు పని ఆపి చూస్తుండగా అరిచి చెప్పాలి.

"తప్పు నాది పిన్నీ. దీన్ని పరీక్ష చేసింది నేనే. నీకు పిచ్చెక్కించిన ఆ పేజీలు గీసింది కూడా నేనే."

పిన్ని ఆమె చేతుల వైపు చూసింది. తర్వాత తన సంచి ఒళ్ళోకి తీసుకుని, జిప్పు తెరిచి, మళ్ళీ వేసింది.

"సోమవారం నీ ఇంట్లో కూర్చుని నీ చేతి కాఫీ తాగాను," అంది. "అప్పుడు చెప్పి ఉండాల్సింది."

ఆవిడ వెళ్ళిపోయాక ప్లామెన్ స్క్రీన్ ఆపి, వైరు చుట్టి, సొరుగులో పెట్టాడు. "తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళు," అన్నాడు. అప్పుడు కూడా కోపంగా అనలేదు.

శనివారం పొద్దున తలుపు మీద రెండు చరుపులు పడ్డాయి. పిన్ని గుమ్మం దాటి లోపలికి రాలేదు. చేతిలో కాగితం ఉంది. మీ తల కదలికను మేము తప్పుగా నమోదు చేశాం, మీరు అంగీకరించలేదు, మీ మాటలన్నీ మా దగ్గర చెరిపేశాం, అని ఉంది. కింద క్షమాపణ.

"చెప్పులేసుకో. నెదా దగ్గరికి వెళ్దాం. నేను చదివితే అది నమ్మదు. గీసినదానివి నువ్వే వచ్చి చదువు."

బస్సులో పిన్ని కిటికీ పక్కన కూర్చుంది, జోర్నిత్సా వెనక సీట్లో. నెదా ఇల్లు ఐదో అంతస్తు. ఈసారి పిన్ని తలుపు చరచలేదు, కాగితాన్ని తలుపు కింద నుంచి సగం లోపలికి తోసి నిలబడింది. కాసేపటికి అవతలినుంచి ఎవరో కాగితాన్ని లాక్కున్నారు. ఇంకాసేపటికి తలుపు తెరుచుకుంది. గుమ్మంలో నెదా, పిన్ని మొహమే, పదేళ్ళు చిన్నది.

వంటింట్లో ముగ్గురూ కూర్చున్నారు. జోర్నిత్సా కాగితం మొదటినుంచీ చివరిదాకా చదివింది. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరిదో, తన పేరుతో సహా చెప్పింది. నెదా మధ్యలో అడ్డు రాకుండా వింది. అయిపోయాక ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"అయితే పంపింది నువ్వు కాదు."

"కాదు," అంది పిన్ని. గొంతులో గెలుపు ఉంది. "చూశావా మరి. ఇరవై ఒక్క రోజులు నన్ను ఉసురుపెట్టావు."

"సరే అక్కా. యంత్రమే పంపింది. అమ్మ నాలుగేళ్ళు మంచాన పడితే నేను ఆదివారం ఆదివారం వచ్చి, కోటు కూడా విప్పకుండా అరగంట కూర్చుని పోయేదాన్ననీ, ఏడవడం మాత్రం అందరికన్నా గట్టిగా ఏడ్చాననీ ఇందులో ఉంది. ఇది కూడా యంత్రమే అందా?"

కంపెనీ కాగితంలో దీనికి జవాబు లేదు. జోర్నిత్సా ఆ కాగితాన్ని మళ్ళీ మడతపెట్టింది. ఇలాంటి కాగితం ఒక్కటి వస్తే అన్నీ మునుపట్లా సర్దుకుంటాయని మూడు రోజులుగా నమ్ముకుని ఉంది. చెరిపేశామని వాళ్ళు రాశారు గానీ, చెరిపింది వాళ్ళ దగ్గరే.

పిన్ని తల కదపలేదు. "కాదు," అంది నోటితోనే. "నేనే అన్నాను. మా ఆయన ఫొటోతో అన్నాను. నీతో అనకూడదనే ఫొటోతో అన్నాను."

నెదా బల్ల మీద రొట్టె ముక్కల పొడిని వేలితో ఒకచోటికి చేర్చింది. తర్వాత తల వంచుకుని ఏదో అంది.

"ఏమిటీ?" అంది పిన్ని.

నెదా కొంచెం గట్టిగా అంది.

"వినబడదే. బఠాణీ తీసేశానుగా. గట్టిగా చెప్పు."

"కోటు విప్పితే ఉండిపోవాల్సి వస్తుందని భయమేసేది," అని అరిచింది నెదా. "ఆ మంచం చూస్తే భయమేసేది నాకు. నువ్వున్నావులే అనుకునేదాన్ని."

పిన్ని కుర్చీ చెల్లెలి వైపు జరుపుకుంది. తర్వాత, జోర్నిత్సా వైపు తిరగకుండానే, "నువ్వు వెళ్ళు జోరీ. ఇది మా ఇద్దరిదీ," అంది.

జోర్నిత్సా లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది. లోపల గొంతులు లేచాయి. పిన్నికి వినబడాలంటే నెదా అరవాలి, నెదా అరుస్తుంటే పిన్నీ అరుస్తుంది. సన్నటి గోడలు, మెట్లంతా మారుమోగుతోంది. నాలుగో అంతస్తులో ఒకావిడ తలుపు సందుచేసి, చెవి బయటికి పెట్టి వింటోంది. జోర్నిత్సాని చూసి, "ఏమిటమ్మా గొడవ?" అంది.

"నాకు తెలీదండీ," అంది జోర్నిత్సా. తర్వాతి మాట తన చెవిన పడకుండా గబగబా మెట్లు దిగింది. మూడో అంతస్తు దాటేదాకా ఇద్దరి మాటలూ వినబడుతూనే ఉన్నాయి.